అప్ప తిండి లెక్క

ఆవిడ పోయిందన్న సంగతి కరివేపాకు కొంటుండగా తెలిసింది. మా వీధి చివర కూరగాయల బండి పెట్టుకునే అతను కట్ట నా చేతిలో పెడుతూ, "మీ సేపలప్ప మరి రాదమ్మా. వానల్లో జొరమొచ్చి పోనాదట. మూడు వారాలయిపోనాది" అన్నాడు. ఆ మూడు వారాలూ నేను ఆవిడ మీద విసుక్కుంటూనే ఉన్నాను. మంగళవారం వస్తానన్న మనిషి రాకపోతే ఎలాగని మా ఆయన దగ్గర రుసరుసలాడాను కూడా.

ఇంటికొచ్చి చెబితే ఆయన, "అయ్యో, పేరేంటి ఆవిడ పేరు?" అన్నాడు. ఏడేళ్ళు మా గుమ్మంలో కూర్చున్న మనిషి పేరు నేను ఒక్కసారీ అడగలేదు. నేను "అప్పా" అనేదాన్ని, అంటే మా వైపు అక్క అని. ఆవిడ నన్ను "పాపా" అనేది. ఆ రెండు పిలుపులతోనే అంతా జరిగిపోయింది. ఇందులో గొప్పేమీ లేదు, సిగ్గుపడాల్సిన విషయమే.

కళింగపట్నం నుంచి పొద్దున్న బస్సులో శ్రీకాకుళం వచ్చేది, నెత్తిన ఎండుచేపల గంపతో. కంపు కొడుతోందని కండక్టరు ఎప్పుడైనా సణిగితే, "నీ డీజిలు కంపు నాను పీల్సటం లేదేటి? నానేటైనా అన్నానా?" అనేదట. ఈ సంగతి ఆవిడే చెప్పి, కండక్టరు మొహం ఎలా పెట్టాడో తను పెట్టి చూపించేది. చిన్నా పెద్దా ఎవరైనా ఆవిడకి 'నువ్వే'. మా కింద వాటాలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఆయనుండేవారు. వీధంతా ఆయన్ని చూస్తే పక్కకి తప్పుకునేది. ఆవిడ మాత్రం గేటు దగ్గర గంప దించి, "ఏటి బాబూ, గెడ్డం సేసుకోలేదు? ఒంట్లో బాగోలేదేటి?" అని కేకేసేది. ఆయన గబుక్కున గడ్డం తడుముకునేవారు. మరుసటి మంగళవారం నున్నగా గీసుకుని వరండాలో నిలబడేవారు.

కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. గుమ్మం ముందు మెట్టు మీద కూలబడి, రెండు కాళ్ళూ బార్లా చాపి, అరచేతులతో మోకాళ్ళు అదుముకుంటూ వాటితో మాట్లాడేది. "ఇంకో రెండు వీదులే ఉన్నాయి, ఏడవకండే. ఇంటికెల్లినాక నూనె రాస్తాను" అని బుజ్జగించేది. కుడి మోకాలు ఎక్కువ బాధ పెట్టేది కాబట్టి దానికి తిట్లు కూడా ఎక్కువే పడేవి. తూకం వేసేటప్పుడు మాత్రం ఆవిడ నోటి వెంట మాట వచ్చేది కాదు. తక్కెడ ముల్లు నిలిచేదాకా ఆగి, నన్ను చూడమని, ఆ తర్వాత పిడికెడు నెత్తళ్ళ చేపలు పైన పడేసేది. వద్దంటే కోపం. "తూకం నీది, కొసరు నాది. నా దాంట్లో నువ్వేటి సెప్తావు?" అనేది.

రెండేళ్ళ కిందట నేను తొమ్మిది కిలోలు తగ్గాను. ఫోనులో ఒక యాప్ పెట్టుకున్నాను, వంటింట్లోకి చిన్న డిజిటల్ తూకం కొన్నాను, రోజుకి ఇన్ని కేలరీలని లెక్క కట్టుకుని తిన్నాను. తగ్గింది తొమ్మిది కిలోలే గానీ నెత్తికెక్కింది మాత్రం చాలా ఎక్కువ. వీధిలో ఎవరు బజ్జీ తింటున్నా ఆగి, అందులో ఎన్ని కేలరీలున్నాయో చెప్పేదాన్ని. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ లెక్కలు కట్టి ఇచ్చేదాన్ని. మా ఆయన నన్ను 'డాక్టరుగారూ' అని పిలవడం మొదలెట్టాడు. అది వెక్కిరింపని నాకు చాలా రోజులకి గానీ తట్టలేదు.

అప్ప ఒకరోజు గుమ్మంలోంచి తొంగి చూసేసరికి నేను అన్నం తూస్తున్నాను.

"ఏటి పాపా అది?"

"తూకం అప్పా. నూటయాభై గ్రాముల అన్నం, అంతకంటే తినను."

తలుపు పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "ఓలమ్మో! సేపలు తూస్తాం, బంగారం తూస్తారు. ఒండుకున్న కూడు తూసుకునీవోల్ని నిన్నే సూస్తన్నాను." నవ్వు ఆగాక దగ్గరికొచ్చి, గంపలోంచి గుప్పెడు ఎండు రొయ్యలు తీసి తూకం మీద పెట్టింది. అంకె చదవమంది. తర్వాత అవే రొయ్యలు తన తక్కెడలో వేసి చూసుకుంది. రెండూ ఒక్కటే అయ్యాయి. "మంచిదే. మోసం లేదు" అంది. ఆ రోజు నుంచి నా తూకం మీదా, నా మీదా ఆవిడకి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది.

కొన్నాళ్ళకి మోకాళ్ళు మరీ మొరాయించి, ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. పది కిలోలైనా తగ్గకపోతే కాళ్ళు పని చెయ్యవనీ, ఆపరేషను దాకా వెళ్ళొచ్చనీ, లేదంటే ఇంట్లో కూర్చోవాల్సి వస్తుందనీ ఆయన చెప్పాడు. ఆవిడ మా మెట్టు మీద కూర్చుని, మొదటిసారి మోకాళ్ళని తిట్టకుండా నా మొహం చూసింది.

"ఇంట్లో కూకోమంటన్నాడు పాపా. నాను కూకుంటే ఏటైపోతాను? నాలుగు వీదులు తిరిగి, నలుగురితో తగువాడితేనే నాను మనిసిని. నీకు కట్టుకున్నావు గదా ఆ లెక్క, నాకూ ఒకటి కట్టియ్యి."

ఆవిడ అడిగింది తన నడక. అంత పెద్ద సంగతి అడిగితే నేను ఎగిరి గంతేసినట్టు ఫోను తీశాను. ఎత్తు తలుపుకి ఆనించి కొలిచాను. బరువు డెబ్భై నాలుగు. వయసు తెలీదంది. "యాభై రాయి, ఎక్కువైతే తగ్గించు" అంది. ఆ తర్వాత ఫోను, రోజంతా మీరు చేసే పని ఎలాంటిదని అడిగింది.

"నువ్వేం పని చేస్తావప్పా?"

"నాకేటి పనుంటాది పాపా! పని మావోడిది. ఏటకెల్తాడు, వల లాగతాడు. నాను ఇంట్లోనే గదా. ఏదో ఇంత అమ్ముకుంటాను."

పదిహేను కిలోల గంప పక్కనే ఉంది. ఆవిడ చెమట నా గుమ్మం మీద కారుతోంది. అయినా నేను 'ఎక్కువ సమయం కూర్చుని ఉండేవారు' అన్న చోట వేలితో నొక్కాను. నా వేలు ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. మా ఇంట్లోనూ అంతే మరి. నలుగురు పిల్లల్ని, రెండు గేదెల్ని, పొలం కూలీల వంటనీ చూసుకున్న మా అమ్మని ఎవరైనా అడిగితే 'ఖాళీగానే ఉంటాను' అనేది, మేమూ అదే నమ్మేవాళ్ళం. వారానికి ఎంత తగ్గాలని యాప్ అడిగితే అన్నిటికన్నా పెద్ద అంకె ఎంచాను. పన్నెండు వందల కేలరీలని వచ్చింది. అంతకంటే కిందికి లెక్క ఇవ్వనని ఫోను మొండికేసింది. ఆ మాత్రం బుద్ధి ఫోనుకున్నందుకు దానికి దణ్ణం పెట్టాలి. నాకు అదీ లేదు. మందులేమైనా వేసుకుంటున్నావా అని కూడా నేను అడగలేదు.

ఆవిడకి చదువు రాదు కాబట్టి నా దగ్గరున్న చిన్న స్టీలు గిన్నె ఇచ్చాను. పొద్దున్న గ్లాసుడు చోడి అంబలి, అదే రాగి జావ, మధ్యాహ్నం ఆ గిన్నెడు అన్నం, రాత్రి మళ్ళీ ఆ గిన్నెడు, రెండు పూటలా చేపో కూరో. నూనె మాత్రం చెంచాతో కొలుచుకోమన్నాను. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ రెండుసార్లు అప్పజెప్పింది, ఒక్కటీ తప్పు పోలేదు.

మొదటి వారం రెండు కిలోలు తగ్గింది. మా బరువు మెషీన్ మీంచి దిగి, కింద వాటా ఆయన్ని కేకేసి మరీ చెప్పింది. నేను ఆవిడకన్నా ఎక్కువ పొంగిపోయాను. మూడో వారానికి మాటలు తగ్గాయి. కండక్టరు కబుర్లు లేవు. నాలుగో వారం తక్కెడ పట్టుకున్న చెయ్యి వణికింది. ముల్లు నిలవకపోతే, ఎప్పుడూ లేనిది, తక్కెడని విసురుగా గంపలో పడేసింది. శీతాకాలంలో ఆ పొద్దున్న పూట నుదుటి నిండా చెమటలు. "కళ్ళు తిరగతన్నాయి పాపా" అంది. "మొదట్లో అలాగే ఉంటుందప్పా, ఒళ్ళు అలవాటు పడాలి" అన్నాను నేను. ఆ మాట ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఐదో మంగళవారం రాలేదు. వాళ్ళ ఊరి నుంచే వచ్చే ఇంకో ఆవిడ చెప్పింది, చేపలు ఎండబెట్టే ఇసకలో, ఆ చేపల మీదే బోర్లా పడిపోయిందని. టౌనులోనే ఆస్పత్రిలో ఉందంటే పరిగెత్తాను. అప్పటికి లేచి కూర్చుంది. మంచం పక్కన కొత్త కోడలు, పెళ్ళయి నాలుగు నెలలైన పిల్ల, గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. రక్తంలో చక్కెర బాగా పడిపోయిందట. ఏడాదిగా షుగరు మాత్ర వేసుకుంటోందని నాకు అక్కడే తెలిసింది.

ఆహారం సంగతి చూసే నర్సమ్మ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. పని ఏమిటని అడగలేదు. "పొద్దున్న ఎన్నింటికి లేస్తావు? లేచింది మొదలు చెప్పు" అంది.

"తెల్లారకముందే ఒడ్డుకి ఎల్తాను, పడవలొస్తాయి గదా. బేరం సేసి, సేపలు గంపలకెత్తి, ఇసకలోకి మోసుకొస్తాను. ఉప్పేసి ఆరబోస్తాను. రెండు బిందెలు నీల్లు తెస్తాను. వంట సేసి బస్సెక్కుతాను. ఇక్కడ ఒంటిగంటవరకూ తిరగతాను. ఎల్లి సేపలు తిరగేస్తాను. మంచు పడకముందు ఏరి లోన పెట్టాల. మల్లీ వంట."

"గంప బరువెంత?"

"పదేను కేజీలుంటాది."

నర్సమ్మ రాయడం ఆపింది. "మీ కోడలు చెప్పిన ఆ గిన్నె లెక్క పన్నెండొందలకి మించదు. ఇంత పని చేసే మనిషికి పన్నెండొందలేమిటి? రెండు వేలు దాటి ఖర్చవుతుంది నీ ఒంటికి. పైగా షుగరు మాత్ర వేసుకునేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా తిండి కొయ్యకూడదు. ఎవరు కట్టారీ లెక్క?"

అప్ప కళ్ళు నా మీదికి వచ్చి, వెంటనే గోడ మీదికి పోయాయి. "ఎవరు కడతారమ్మా, నానే. నానే నోరు కట్టుకున్నాను" అంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అక్కడ చూడడానికి ఏమీ లేదు, ఎవరిదో స్కూటరుంది. ఆ స్కూటరునే చూస్తూ నిలబడ్డాను. నా జీవితంలో నేను చేసిన పిరికి పనుల్లో అదే పెద్దది.

అంతటితో అవలేదు. గిన్నెలో అన్నం ఎంతవరకు పెట్టుకునేదానివని నర్సమ్మ అడిగింది. "అంచు దాకా పెట్టలేదమ్మా. ఒకరికి తూసినప్పుడు మొగ్గుండాల గానీ, నాకు నాను తూసుకుంటే మొగ్గేటి? అంచుకి రెండు వేల్లు కిందకే పెట్టుకున్నాను" అంది. నలభై ఏళ్ళు తక్కెడ పట్టుకున్న చెయ్యి అది. ఇవతలివాళ్ళకి పిడికెడు ఎక్కువ, తనకి పిడికెడు తక్కువ అన్నది ఆ చేతికి అలవాటైపోయింది. నేనిచ్చిన తక్కువ లెక్కలోంచి కూడా ఆవిడ తన కొసరు కోసేసుకుంది.

డాక్టరు మాత్ర మార్చాడు. నర్సమ్మ పద్ధెనిమిది వందల కేలరీలకి కాగితం రాసింది. ఖర్చయ్యేదానికి ఐదొందలు తగ్గిస్తే చాలు, వారానికి అరకిలో దిగితే అదే పదివేలు, తొందరపడితే ముందు పోయేది కండే అని వివరంగా చెప్పింది. అప్ప కాగితాన్నీ నర్సమ్మనీ మార్చి మార్చి చూసింది.

"తగ్గడానికి ఇంత తినాలేటి?"

"తినాలి. ఇంతకీ ఇంట్లో ఎప్పుడు తింటావు?"

"అందరివీ అయ్యాక."

"అప్పటికి ఏం మిగులుతుంది?"

"ఏటుంటే అది."

"అలా కుదరదు. కుండ దించగానే ముందు నీ వంతు తీసి పెట్టుకో. మాత్ర వేసుకుంటావు, వేళకి తినాలి. తర్వాతే ఎవరికైనా."

అప్ప చెంపలు వేసుకుంది. "ఓలమ్మో, మగోల్లు ముద్దెత్తకముందేటి! తప్పమ్మా." వెనక కోడలు పిల్ల గ్లాసులోకి చూస్తూ నిలబడింది. ఆ పద్ధెనిమిది వందలూ కాగితం మీదే ఉండిపోతాయని నాకు అనిపించింది. పన్నెండు వందలు తినమంటే మారు మాట్లాడకుండా తిన్న మనిషి, ఎక్కువ తినమంటే బెదిరిపోయింది.

ఇంటికి పంపాక, ఆదివారం కళింగపట్నం వెళ్ళాను. బోర్లించిన పడవ నీడలో కూర్చుని కోడలికి చేపలు ఎలా పరవాలో చెబుతోంది. నేను నిలబడే చెప్పేశాను. "నేనే అప్పా నిన్ను పడగొట్టింది. పని లేని మనిషివని నొక్కాను. నర్సమ్మ అడిగినప్పుడు కూడా నోరు మెదపలేదు." ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఆవిడ చేతిలో ఉన్న చేపని ఇసకలో పరిచింది. "నువ్వడిగినావు, నాను పని లేదన్నాను. నా పని పని కాదని నానే అన్నాక నీ ఫోనేటి సేస్తాది పాపా?" అని, నా చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది. "ఆస్పత్రిలో నోరు ఇప్పలేదు సూడు, దానికి మాత్రం నిన్ను నాలుగు తన్నాల."

మధ్యాహ్నం అన్నం కుండ దించింది. వాళ్ళాయనా కొడుకూ చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. అప్ప కంచం తీసి, గిన్నెతో అంచుల దాకా కొలిచి అన్నం వేసుకుని, చేప ముక్కలు రెండు, కూర, అన్నీ వేసుకుని తన ముందు పెట్టుకుంది.

"ఏటే అది?" అన్నాడు వాళ్ళాయన.

"మందు. డాక్టరు రాసినాడు. ముందే ఏసుకోవాల."

"కూడు మందేటే?"

ఆవిడ రవికలోంచి కాగితం తీసి చాపింది. తలకిందులుగా ఉంది. ఆయన అందుకుని, అలాగే తలకిందులుగా చాలాసేపు చూశాడు. తర్వాత ఇద్దరూ నాకేసి తిరిగారు. "సెప్పు పాపా" అంది ఆవిడ. ఆస్పత్రిలో మింగేసిన మాట అప్పుడు బయటికొచ్చింది. "అవును బావా. ముందే వేసుకోవాలి. రోజూ. దాటేస్తే మళ్ళీ పడిపోతుంది" అన్నాను. ఆయన కాగితం మడిచి జాగ్రత్తగా ఇచ్చేసి, "అలగైతే తిను మరి" అన్నాడు. ఆవిడ తినడానికి గోడ వైపు తిరిగి కూర్చుంది. మొదటి రోజు కదా, మొహం చూపించలేకపోయింది.

తొమ్మిది నెలల్లో ఏడు కిలోలు తగ్గింది. పది కాలేదని బెంగపడలేదు, నేనూ పడనివ్వలేదు. మోకాళ్ళకి తిట్లు తగ్గాయి. ఆపరేషను మాట డాక్టరు మళ్ళీ ఎత్తలేదు. జ్వరం రాకముందు వారం కూడా మా వీధి, పక్క వీధి, ఆ పక్క వీధి తిరిగే వెళ్ళింది. నేను యాప్ తీసేశాను. ఎవరైనా లెక్క కట్టమంటే, ఆ నర్సమ్మ కూర్చునే గది ఎక్కడుందో చెప్పి ఊరుకుంటున్నాను.

కరివేపాకు బండి దగ్గర ఆ మాట విన్న తర్వాతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. అత్త జ్వరంతో పడుకున్న ఆ నాలుగు రోజుల సంగతీ కోడలు పిల్ల చెప్పింది. జ్వరంలో గుటక దిగలేదట. అయినా కుండ దించగానే తన వంతు తియ్యమనేదట.

"తినలేవు గదత్తా అన్నాను. తినలేను గానీ తియ్యి అంది. తీసినాక, నా ఎదర కూకుని నువ్వు తిను, నాను సూస్తాను అంది. మావ ఇంకా తినలేదత్తా అంటే, ఆయనకి ఆకలైతే కుండ ఎక్కడున్నాదో తెలీదేటి అంది. నాలుగు రోజులూ అంతే. ఆకరి ముద్ద దాకా నా నోరే సూసేది."

మాట్లాడుతూనే కుండ దించింది. కంచం తీసి అన్నం వడ్డించి, కూర వేసి, తన ముందు పెట్టుకుంది. వాళ్ళ మామ గుమ్మంలోనే ఉన్నాడు. నేను చూస్తున్నానని ఆ పిల్ల గమనించింది.

"మొదట్లో సిగ్గేసేదక్కా" అంది ముద్ద కలుపుతూ. "ఇప్పుడు ఆకలేస్తన్నాది."